నగర శాసనసభ్యుని ప్రస్థానాన్ని రికార్డుల నుంచి రాయడం ఎలా?

పెద్ద నగరానికి ప్రాతినిధ్యం వహించిన శాసనసభ్యుని గురించి రాయబూనినవారు సాధారణంగా ఆయన ఎన్నిసార్లు గెలిచారన్న లెక్కతో మొదలుపెడతారు. అంతకన్నా ముందు చూడవలసింది నియోజకవర్గపు హద్దులను, ఎందుకంటే పేరు అదే ఉన్నా లోపలి బస్తీలు, ఓటర్లు మారిపోతుంటారు.

హైదరాబాద్‌లోని ఖైరతాబాద్ నుంచి 1978, 1985, 1989, 1994, 2004లో గెలిచిన పి. జనార్దన్ రెడ్డిని, అంటే జనం నోట పీజేఆర్‌ను, ఉదాహరణగా తీసుకుందాం. ముందుగా ఎన్నికల సంఘం ప్రతి ఎన్నికకూ ప్రచురించిన గణాంక నివేదికను తెరిచి, మొత్తం ఓటర్లు, పోలైన ఓట్లు, మొదటి ఇద్దరు అభ్యర్థులకు వచ్చిన ఓట్లు ఒక పట్టికలో రాసుకోండి. ఓటములను వదలకండి: 1999లో ఆయన తెలుగుదేశం అభ్యర్థి, సీబీఐ మాజీ డైరెక్టర్ కె. విజయరామారావు చేతిలో ఓడిపోయారు. అభిమానుల రాతల్లో ఇలాంటి సంవత్సరాలు తరచూ కనబడవు.

పీజేఆర్ 2007 డిసెంబరు 28న మరణించగా, 2008 ఉప ఎన్నికలో ఆయన కుమారుడు విష్ణువర్ధన్ రెడ్డి ఖైరతాబాద్ నుంచి, 2009లో జూబ్లీహిల్స్ నుంచి గెలిచారు. 2009 ఎన్నికలకు ముందు నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజన సంగతి తెలియనివారు దీన్ని నియోజకవర్గం మారడంగా రాస్తారు. నిజానికి పాత ఖైరతాబాద్‌ను విడదీయడంతోనే జూబ్లీహిల్స్ ఏర్పడింది. కాబట్టి పునర్విభజన ఉత్తర్వులోని వార్డుల వివరాన్ని పక్కన పెట్టుకోకుండా 2004 మెజారిటీని 2009 మెజారిటీతో పోల్చకూడదు.

తరువాత శాసనసభ కార్యకలాపాల నివేదికలు చదవాలి. ఓపిక ఎక్కువగా కావలసింది ఇక్కడే, ఫలితం దక్కేదీ ఇక్కడే. ఒకే ప్రశ్న కింద పలువురు సభ్యుల పేర్లు ఉండవచ్చు కనుక పేర్లు లెక్కపెట్టి ‘ఇన్ని ప్రశ్నలు అడిగారు’ అని తేల్చకండి. మంత్రి సమాధానం తరువాత అనుబంధ ప్రశ్న ఎవరు వేశారో, ఏ బస్తీ పేరెత్తారో చూడండి. 1994 తరువాత పీజేఆర్ కాంగ్రెస్ శాసనసభాపక్ష నేతగా ఉన్నారు కనుక, ఆ కాలపు ప్రసంగాల్లో పార్టీ తరఫున అన్నది ఏదో, నియోజకవర్గం కోసం అడిగింది ఏదో విడిగా గుర్తించాలి.

పనుల విషయంలో శిలాఫలకం మీది పేరు చాలదు. ఆ పనికి పాలనా అనుమతి ఇచ్చిన జీవో ఏ శాఖది, ఎంత మొత్తానికి, ఏ తేదీన వచ్చిందో వెతికితే, అది శాసనసభ్యుడు తెచ్చిందా, నగరపాలక సంస్థ మామూలుగా చేపట్టిందా అన్నది కొంతవరకు తెలుస్తుంది. పీజేఆర్‌ను బస్తీల నాయకుడని రాయదలిస్తే, ఆ బస్తీలకే వెళ్లి పెద్దవారిని అడిగి వారి ఇంటి స్థలం పట్టా కాగితం చూడండి. దాని మీది తేదీని, సంతకం చేసిన అధికారి హోదాను నోట్ చేసుకోండి.

ఆస్తులు, కేసుల వివరాలను అభ్యర్థుల అఫిడవిట్లలో చూడవచ్చు. అయితే అవి సుప్రీంకోర్టు తీర్పుల ఫలితంగా వచ్చినవి కాబట్టి 2004కు ముందటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికలకు దొరకవు. ఆ కాలానికి సంబంధించి వినికిడి మాటలను అంకెలుగా మార్చకుండా, ఆ భాగాన్ని ఖాళీగానే ఉంచండి.