బ్యాండ్‌తో టూర్లు తిరిగే క్రూలో పని ఎలా దొరుకుతది?

వాయించడం రాదు, పాడటం రాదు, కానీ స్టేజ్ పక్కనే బతకాలని ఉంది, ఎట్లా అన్నా అని అడిగే తమ్ముళ్ళు నాకు ప్రతి సీజన్‌లో తగుల్తారు. వాళ్ళందరికీ ఒకేసారి చెప్తున్నా. ఈ పనికి జాబ్ సైట్లలో వెతికితే దాదాపు ఏమీ దొరకదు, అంతా ఫోన్ల మీదనే నడుస్తది, శుక్రవారం రాత్రి ఒకడికి జ్వరం వస్తే శనివారం పొద్దున ఇంకొకడు బండెక్కాలి, ఆ ఇంకొకడి పేరు ఎవరి నోట్లో ఉందన్నదే లెక్క. అందుకే పని వెతకడం కంటే ముందు మీ పని నలుగురి కళ్ళల్లో పడాలి.

ముందు ఇక్కడ ఎవరు ఏం మోస్తారో తెలుసుకోండి

మన దగ్గర బ్యాండ్ అంటే ఎక్కువగా ఐదారుగురు. స్పీకర్లు, లైట్లు, ఎల్ఈడీ వాల్, ట్రస్ (లైట్లు వేలాడదీసే లోహపు చట్రం), జనరేటర్ ఇవన్నీ ఏ ఊర్లో షో ఉంటే అక్కడి రెంటల్ వాళ్ళు తెస్తారు. బ్యాండ్ తెచ్చుకునేది వాళ్ళ వాయిద్యాలు, ఇన్-ఇయర్లు (స్టేజ్ మీద తమ సౌండ్ వినడానికి చెవిలో పెట్టుకునేవి), కొందరైతే సొంత మిక్సర్. అందుకే బ్యాండ్ వెంట తిరిగే క్రూ చిన్నది: జనం వైపు సౌండ్ చూసే ఇంజినీర్ (ఎఫ్ఓహెచ్ అంటాం), పెద్ద బ్యాండ్ అయితే స్టేజ్ మీద వాళ్ళకు వినిపించేది చూసుకునే మానిటర్ ఇంజినీర్, గిటార్లూ డ్రమ్స్ చూసే బ్యాక్‌లైన్ టెక్, లైట్ ఆపరేటర్, మేనేజర్. అంతే. ఈ నాలుగైదు కుర్చీల్లో ఒకటి కొత్తవాడికి నేరుగా ఇవ్వరు. దారి రెంటల్ గోడౌన్ నుంచి పోతది.

ఆషాఢంలో గోడౌన్‌కి వెళ్ళండి

ఇది చాలామందికి తట్టదు. వినాయక చవితి నుంచి దసరా దాకా, తర్వాత పెళ్ళిళ్ళు, జనవరి నుంచి మార్చి దాకా కాలేజీ ఫెస్టులు, ఆ టైమ్‌లో పోయి పని నేర్పండి అంటే ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, బండ్లు ఖాళీ, ఓనర్లు గోడౌన్‌లో కూర్చొని తెగిన కేబుళ్ళు అతికించుకుంటూ ఉంటారు. అప్పుడు వెళ్ళండి. హైదరాబాదే కావాలని లేదు, మీ ఊర్లో మైక్ సెట్ షాపు ఉన్నా చాలు, నేను కూడా కరీంనగర్ సైడ్ అట్లాంటి షాపులోనే మొదలుపెట్టిన. వెళ్ళగానే నేను ఇంజినీర్ అవ్వాలి సార్ అనకండి, లోడింగ్‌తో సహా ఏ పనైనా చేస్తా, సీజన్ మొత్తం ఉంటా అనండి. సీజన్ మొత్తం ఉంటా అన్న మాటకే విలువ, మధ్యలో పారిపోయే వాళ్ళతో వాళ్ళు విసిగి ఉంటారు.

చేతికి రావాల్సిన పనులు

మొదట కేబుల్ చుట్టడం. మోచేతికి చుట్టేస్తే లోపల తీగ మెలిపడి కొన్నాళ్ళకు తెగుతది. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు లోపలికి తిప్పి, మళ్ళీ మామూలుగా, ఇట్లా చుట్టిన కేబుల్‌ని విసిరితే ఒక్క ముడి లేకుండా స్టేజ్ అంతా పరుచుకుంటది. సీనియర్లు మీ చేతిని చూసే ఎన్నేళ్ళ అనుభవమో చెప్పేస్తారు.

తర్వాత టంకం పెట్టడం. ఎక్స్‌ఎల్ఆర్‌లో (మైక్ కేబుల్ చివర ఉండే మూడు పిన్నుల ప్లగ్) ఒకటో పిన్ గ్రౌండ్, రెండు హాట్, మూడు కోల్డ్, ఇది నిద్రలో లేపి అడిగినా చెప్పాలి. 48 వోల్టుల ఫాంటమ్ (మిక్సర్ నుంచి మైక్ కేబుల్‌లోనే వెళ్ళే కరెంట్) కండెన్సర్ మైకులకూ యాక్టివ్ డీఐ బాక్సులకూ (గిటార్, కీబోర్డ్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బాలు) ఎందుకు కావాలో, సింగర్లు పట్టుకునే ఎస్ఎమ్ 58 లాంటి మామూలు డైనమిక్ మైక్‌కి ఎందుకు అక్కర్లేదో తెలుసుకోండి. గిటార్ తీగలు మార్చడం, ట్యూన్ చేయడం, డ్రమ్ కిట్ బిగించడం నేర్చుకోండి. బ్యాండ్ పంపే టెక్ రైడర్ (వాళ్ళకు ఏ సామాను కావాలో రాసింది), ఇన్‌పుట్ లిస్ట్ (ఏ మైక్, ఏ వాయిద్యం ఏ ఛానల్‌లోకో), స్టేజ్ ప్లాట్ (ఎవరు ఎక్కడ నిలబడతారో గీసిన బొమ్మ) చదవడం వస్తే మీరు అప్పటికే హెల్పర్ కంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు.

కరెంట్ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. త్రీ ఫేజ్ లైన్‌లో న్యూట్రల్ ఊడితే 230 వోల్టులు రావాల్సిన చోట 400 దగ్గరికి పోవచ్చు, కీబోర్డులూ మిక్సర్లూ ఒక్క క్షణంలో పోతాయి, మనిషికీ ప్రమాదమే. ఆ కనెక్షన్ ఇచ్చేది ఎలక్ట్రీషియనే, మీరు పెట్టొద్దు, కానీ ఏదైనా ప్లగ్ పెట్టే ముందు మల్టీమీటర్‌తో చూసుకునే అలవాటు మాత్రం మీదే అవ్వాలి.

నాకు మొదటి పిలుపు ఎట్లా వచ్చిందంటే

వరంగల్‌లో ఒక కాలేజీ ఫెస్ట్, నేను రెంటల్ వాళ్ళ హెల్పర్‌ని. సౌండ్‌చెక్‌లో కీబోర్డ్ అతను పెడల్ తొక్కితే స్వరం ఆగిపోతుంది, కాలు తీస్తే మోగుతూనే ఉంటుంది. అంతా ఉల్టా. పెడల్ పాడైందని వేరేది తెమ్మంటున్నారు, అక్కడ ఎక్కడ దొరుకుతది. చాలా కీబోర్డులు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ ఎటువైపు ఉందో చూసుకుంటాయి, ఆన్ చేసిన తర్వాత పెడల్ గుచ్చినా, ఆన్ చేసేటప్పుడు కాలు దాని మీద ఉన్నా తిరగబడతది. గోడౌన్‌లో ఒకసారి చూసి ఉన్నా కాబట్టి తెలుసు. అన్నా ఒకసారి ఆఫ్ చేయండి, కాలు తీసి ఆన్ చేయండి అని చెప్పిన. సరైపోయింది. షో అయ్యాక వాళ్ళ ఇంజినీర్ నేను కేబుళ్ళు చుడుతున్న దగ్గరికి వచ్చి కాసేపు నిలబడి చూసి, ఎవరు నేర్పిండ్రు తమ్మీ, నీ నంబర్ ఇయ్యి అన్నడు. రెండు నెలలకు ఫోన్ వచ్చింది, వైజాగ్ షో, బ్యాక్‌లైన్‌కి మనిషి లేడు, వస్తవా అని.

అందుకే చెప్తున్నా, బ్యాండ్‌లోకి తీసుకునేది ఎక్కువసార్లు సింగర్ కాదు, ఇంజినీర్ మాట మీద మేనేజర్. సింగర్‌తో సెల్ఫీ తర్వాతైనా దిగొచ్చు, ఆ ఇంజినీర్ పక్కన పనిచేసే ఛాన్స్ వదులుకోకండి.

ఎలా అడగాలి

షోకి ముందు ఎవరినీ అడగకండి, ఆ టైమ్‌లో వాళ్ళ బుర్ర వేరే చోట ఉంటది. బయటి వేదికల మీద రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉన్నాయి, ఏడాదిలో కొన్ని పండగ రోజులకు మాత్రమే ప్రభుత్వం 12 దాకా సడలించొచ్చు, కాబట్టి సౌండ్‌చెక్ అరగంట లేటైతే రెండు మూడు పాటలు పోతాయి, అందరూ ఆ టెన్షన్‌లోనే ఉంటారు. మర్నాడు మధ్యాహ్నం మెసేజ్ పెట్టండి, చిన్నగా: "అన్నా, నిన్న వరంగల్ షోలో స్టేజ్ లెఫ్ట్‌లో చేసింది నేనే. తీగలు మార్చడం, ప్యాచింగ్, టంకం వచ్చు. తెలుగు, హిందీ మాట్లాడతా. ఎప్పుడైనా మనిషి తక్కువైతే ఒక రోజు ముందు చెప్పినా వస్తా." ఇంతే చాలు (ప్యాచింగ్ అంటే కేబుళ్ళను సరైన ఛానళ్ళకు గుచ్చడం). రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపకండి. ప్రతి సంవత్సరం ముంబైలో పామ్ ఎక్స్‌పో అని సౌండ్, లైటింగ్ వాళ్ళ పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతది, ఒకసారి వెళ్ళిరండి, కొత్త సామాను చూసినట్టూ ఉంటది, నంబర్లూ దొరుకుతాయి.

బ్యాగులో ఏముండాలి

హెడ్ టార్చ్, మల్టీమీటర్, కట్టర్, స్క్రూడ్రైవర్లు, ట్యూనర్, గాఫర్ టేప్ (మామూలు బ్రౌన్ టేప్ వేస్తే తీసేటప్పుడు జిగురు కేబుల్‌కే ఉండిపోతది), మార్కర్, ఏఏ బ్యాటరీలు, నల్ల టీషర్ట్ రెండు, మంచి బూట్లు. ఫ్లైట్ అయితే కట్టర్, స్క్రూడ్రైవర్లు చెక్-ఇన్‌లో, పవర్ బ్యాంక్ క్యాబిన్‌లో, తారుమారు చేస్తే ఎయిర్‌పోర్ట్‌లోనే ఆపేస్తారు. పాస్‌పోర్ట్ ఇప్పుడే తీసుకోండి, అమెరికాలో తెలుగు సంఘాల సభలకో గల్ఫ్ షోలకో పిలిచినప్పుడు అప్లై చేస్తా అంటే వేరేవాడు వెళ్ళిపోతాడు.

చెవులకు ప్లగ్‌లు తప్పకుండా. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చు అనేది ఒక పేరున్న లెక్క, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైమ్ సగం అవుతది, అంటే 100 దగ్గర 15 నిమిషాలే. డ్రమ్మర్ వెనక మీరు నిలబడేది ఎంతసేపో మీరే చూసుకోండి. పోయిన వినికిడి తిరిగి రాదు, ఇది నేను బతిమాలి చెప్తున్నా.

డబ్బులు

రోజుకి ఎంత, ప్రయాణం చేసే రోజుకి ఇస్తారా లేదా, బత్తా ఎంత, రూమ్ ఎవరిది, ఎన్ని రోజుల్లో వేస్తారు, ఈ ఐదూ ఒప్పుకునే ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాట మీద నేను ఒకచోట మూడు షోలు చేసి డబ్బుల కోసం ఐదు నెలలు తిరిగిన. టీడీఎస్ కట్ చేస్తే రిటర్న్ వేయండి, మీకు రావాల్సింది అప్పుడే వెనక్కి వస్తది. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, ప్రమాద మరణానికి 2 లక్షల కవర్, బ్యాంక్ ఖాతా ఉంటే చాలు. ట్రస్‌ల కింద, రాత్రి వ్యాన్లలో బతికే మనకు అది కూడా లేకపోతే ఎట్లా.

మొదటి టూర్‌లో

బయల్దేరే ముందే ప్రతి కేస్‌కి నంబర్ వేసి, లోపల ఏముందో ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. షో అయ్యాక అందరూ అన్నానికి వెళ్తారు, మీరు టార్చ్ వేసి డ్రమ్ రైజర్ (డ్రమ్స్ పెట్టే ఎత్తు అరుగు) వెనక, స్టేజ్ కింద ఒకసారి తిరగండి, అడాప్టర్లు, కేపోలు (గిటార్ మెడకు బిగించే క్లిప్పులు), ఇన్-ఇయర్ ప్యాకులు దొరికేది అక్కడే. వ్యాన్ తలుపు వేశాక 14 కేసులు తెచ్చాం, 14 ఎక్కినయి అని గ్రూప్‌లో మెసేజ్ పెట్టి అప్పుడు వెళ్ళి తినండి.