బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్ మొరాయించకుండా ఇలా చేశాను

కాకినాడలో మా ఫైబర్ బోటుకి 12 వోల్టుల బిల్జ్ పంపు (అడుగున చేరే నీళ్లని బయటికి తోడేది) ఉంది. నీళ్లు పెరిగితే పైకి తేలి పంపుని ఆన్ చేసేది ఫ్లోట్ స్విచ్, కొన్నది ఏదీ ఎక్కువ కాలం నిలవలేదు. అడుగున చేరేది ఉత్త నీళ్లు కాదు కదా, డీజిల్, గ్రీజు, వల దారం ముక్కలు, పొలుసులు అన్నీ కలిసి కీలు దగ్గర పట్టేస్తాయి, ఫ్లోట్ కిందే ఉండిపోతే బోటు నిండుతుంది, పైన ఇరుక్కుంటే పంపు ఉత్తినే తిరిగి బ్యాటరీ దిగిపోతుంది.

అందుకే కీలే తీసేశాను. నిలువుగా జారే అయస్కాంతం ఫ్లోట్లు రెండు, లోపల రీడ్ స్విచ్‌లు (అయస్కాంతం దగ్గరికి రాగానే కలిసే చిన్న స్విచ్‌లు), ఒకటి కింద, ఒకటి పైన, చుట్టూ చిల్లులు పెట్టిన పీవీసీ పైపు. రీడ్ స్విచ్ కాంటాక్టులు మోటారు కరెంటుకి అతుక్కుపోతాయి కాబట్టి అవి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసేది) కాయిల్‌నే నడపాలి, పంపు రిలే మొదటి కాంటాక్టు మీద నడుస్తుంది. కాయిల్ ఆగేటప్పుడు వచ్చే వోల్టేజి దెబ్బ రీడ్ స్విచ్‌కి తగలకుండా కాయిల్‌కి అడ్డంగా డయోడ్ తప్పనిసరి. పై స్విచ్‌కి సమాంతరంగా రిలే రెండో కాంటాక్టు, ఆ రెంటికీ సిరీస్‌లో కింది స్విచ్. పై మట్టానికి నీళ్లు రాగానే పంపు మొదలై కింది మట్టం దాటేదాకా ఆగదు, అలల ఊపుకి టకటకా ఆన్ ఆఫ్ అవ్వదు. పంపు ఆగాక గొట్టంలోని నీళ్లు వెనక్కి వస్తాయి, రెండు మట్టాల మధ్య ఎడం అంతకంటే ఎక్కువే ఉంచండి.

వైరు జాయింట్లన్నీ నీటికి బాగా పైన, జిగురున్న హీట్ ష్రింక్‌తో. పంపు లైను మెయిన్ స్విచ్‌కి ముందే బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజుతో. కింది ఫ్లోట్ పైకి లేవకుండా ఇరుక్కుంటే పంపు అసలు తిరగదు, కాబట్టి చేత్తో వేసే స్విచ్, ఇంకా పైన విడిగా ఒక అలారం ఫ్లోట్ పెట్టాను.