డీజిల్‌లో టూటీ ఆయిల్ పోసే ముందు
ఇంజిన్‌కి డీజిల్ అందించే పాత మెకానికల్ పంపు ఉన్న డీజిల్ జీపో ట్రాక్టరో ఉంటే ట్యాంకులో కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పొయ్యమని చాలామంది చెబుతారు. కారణం లేకపోలేదు, ఆ పంపు లోపలి భాగాలకి లూబ్రికేషన్ ఇచ్చేది డీజిలే, సల్ఫర్ తీసేసేటప్పుడు ఆ గుణం కూడా కొంత పోతుంది (2020 నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో పది, మించకూడదు). కాకపోతే అందుకు తగ్గ అడిటివ్‌లు ముందే కలిపి పంపుతారు, కాబట్టి తప్పనిసరేం కాదు. పోయాలనుకుంటే లీటరుకి 5 ఎంఎల్ చాలు, ముందు ఆయిల్ పోసి ఆ తర్వాత డీజిల్ కొట్టించండి, బాగా కలుస్తుంది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కొత్త బండ్లలో మాత్రం వద్దే వద్దు, ఆ ఆయిల్ కాలిన బూడిద ఫిల్టర్‌లో పేరుకుంటుంది, వారంటీ గొడవ వేరే. ఇక ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ బైకులో పోస్తే ప్లగ్గుకి మసి పట్టడం తప్ప ఒరిగేదేం లేదు.