గాలి రాకముందే పాలసీ కాగితం తియ్యండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు దసరా అంటే కొత్త బట్టలతో పాటు గాలి భయం కూడా. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర. అందుకే ఇన్సూరెన్సు పని వినాయక చవితికే తేల్చేసుకోవాలి. టీవీలో తుఫాను పేరు విన్నాక ఏజెంటుకి ఫోన్ కొట్టి లాభం లేదు.

ముందు మీ పేరు చూసుకోండి. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా కాగితాల్లో వెనక. ఆధార్‌లో పూర్తి పేరు, పాస్‌బుక్కులో పొడి అక్షరం, పట్టాలో ఒడియా లిపిలో ఇంకో రకం. ముగ్గురూ ఒకరే అని రేపు మనమే రుజువు చెయ్యాలి.

తర్వాత అడ్రసు. తిత్లీకి మా మావయ్య కిరాణా గొడౌను రేకులు లేచిపోయాయి. పంచదార కరిగి గుమ్మం దాటి పారింది, వెనకే చీమల బారు. పాలసీ ఉందిలే అని ఆయన ధీమా. నష్టం చూడ్డానికి వచ్చిన బీమా సర్వేయరు కాగితం తిరగేసి, "ఇందులో కొట్టు అడ్రసే ఉందండీ, ఈ గొడౌను లేదు" అన్నాడు. అంతే! సరుకు ఎక్కడెక్కడ పెడతారో అన్నీ రాయించండి.

ఇంటికైతే భారత్ గృహ రక్ష పాలసీ అడగండి, తుఫాను, వరద రెండూ అందులో ఉంటాయి. కట్టడం విలువలో 20 శాతం దాకా, 10 లక్షలు మించకుండా, ఇంట్లో సామాన్లకీ వర్తిస్తుంది. బంగారం లెక్కలోకి రాదు, విడిగా చేయించాలి. బండికి ఎదుటివాళ్ళ నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే చెట్టు పడ్డా మీ చేతి డబ్బే. నీట మునిగిన బండిని మాత్రం స్టార్ట్ చెయ్యకండి, ఇంజన్ పోతుంది.

మనుషులకి బ్యాంకులోనే రెండున్నాయి. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదానికి, 436 రూపాయల జీవన్ జ్యోతి ఏ మరణానికైనా. రెంటికీ 2 లక్షలు. జీవన్ జ్యోతిలో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి 30 రోజులు ప్రమాద మరణానికే ఇస్తారు. మే నెలాఖరున బ్యాంకు ప్రీమియం కోసుకునేటప్పుడు ఖాతాలో డబ్బు లేక చాలామందివి ఆగిపోతాయి, పాస్‌బుక్కు ఎంట్రీ వేయించి చూసుకోండి.

పంట బీమా కట్టినవాళ్ళు, కోసి పనల మీదున్న వరి తడిస్తే 72 గంటల్లోపు పంట బీమా హెల్ప్‌లైన్ 14447కి చెప్పాలి. కోసిన 14 రోజుల వరకే ఆ రక్షణ.

ఇవాళే ఇల్లంతా ఫోన్లో వీడియో తీసి, వేరే ఊళ్ళో ఉన్న పిల్లలకి పంపి ఉంచండి. గాలి తగ్గాక చీపురు పట్టకముందే ఇంకోటి తియ్యండి. మా అత్తయ్య సర్వేయరు వచ్చేసరికే సగం గొడౌను కడిగేసింది.