డేటోనా సీజన్ మొదలవకముందే: స్టాక్ కార్ రేసులపై పందెం కాసే కొత్తవారికి జాగ్రత్తలు

ఫిబ్రవరి మధ్యలో ఫ్లోరిడాలో జరిగే డేటోనా 500 రేసుతో అమెరికాలో స్టాక్ కార్ల (రోడ్లపై తిరిగే మామూలు కార్ల ఆకారంలో ఉండే రేసు కార్ల) పోటీల ఏడాది మొదలవుతుంది. అక్కడి నుంచి నవంబరు దాకా, దాదాపు ప్రతి వారాంతంలోనూ ఒకటి చొప్పున, వీటిని నిర్వహించే నాస్కార్ సంస్థ తన అగ్రశ్రేణి పోటీ అయిన కప్ సిరీస్‌లో పాయింట్లు లెక్కించే రేసులు 36 నడుపుతుంది. జట్లలో అత్యధిక భాగం నార్త్ కరోలినాలోని షార్లెట్ చుట్టుపక్కల మూర్స్‌విల్, కాంకర్డ్, హంటర్స్‌విల్ వంటి ఊళ్లలోనే ఉన్నాయి కాబట్టి, ఆ ప్రాంతంలో స్థిరపడిన తెలుగువారికి ఈ క్రీడ ఇంటి పక్క వ్యవహారమే. 2024 మార్చి 11 నుంచి ఆ రాష్ట్రంలో ఫోన్ ద్వారా పందెం కాయడం చట్టబద్ధమైంది. దాంతో ఆఫీసులో సహోద్యోగుల మాటల వల్లనో, టీవీలో క్షణానికోసారి వచ్చే ప్రకటనల వల్లనో, క్రికెట్ తప్ప వేరే ఆట ఎరుగనివారు కూడా డేటోనా రేసులో విజేత ఎవరన్నదానిపై పది ఇరవై డాలర్లు పెట్టి చూద్దామనుకుంటున్నారు. కొత్తవారు పెట్టే ఈ మొదటి పందెమే, లెక్క వేసి చూస్తే, ఏడాది మొత్తంలోకీ అత్యంత ఖరీదైన పందాలలో ఒకటి. ఎందుకో చెప్పే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి.

అమెరికా సుప్రీంకోర్టు 2018 మే నెలలో 1992 నాటి సమాఖ్య నిషేధాన్ని కొట్టివేసినప్పటికీ, అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్, కాలిఫోర్నియా, జార్జియా రాష్ట్రాలలో ఇది రాసేనాటికి క్రీడా పందాలకు అనుమతి లేదు. నాస్కార్ రేసులు జరిగే టాలడేగా ట్రాక్ ఉన్న అలబామాలోనూ లేదు. అనుమతి ఉన్న రాష్ట్రాలలో అత్యధికం 21 ఏళ్లు నిండాలంటాయి. డాలస్‌లోనో అట్లాంటాలోనో కూర్చున్నవారి ఫోన్లో ఒక పందెం సైటు ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంటోందంటే, అది విదేశీ దీవులలో నమోదై ఏ రాష్ట్ర నియంత్రణ సంస్థకూ జవాబుదారీ కానిది అయ్యే అవకాశమే ఎక్కువ. గెలిచిన సొమ్ము అలాంటి సైటు ఇవ్వకపోతే ఫిర్యాదు చేసుకోవడానికి గడప ఉండదు. ఒక ఘటన జరుగుతుందా లేదా అన్నదానిపై ఒప్పందాలు కొని అమ్మే అంచనా మార్కెట్ల యాప్‌లు కూడా ఇటీవల వచ్చాయి గానీ, వాటిపై రాష్ట్రాలకూ ఆ సంస్థలకూ మధ్య కోర్టు వివాదాలు నడుస్తున్నాయి. అనుమతి ఉన్న రాష్ట్రం వారైనా సెలవుల్లో వేరే రాష్ట్రానికి వెళ్లినప్పుడు ఉన్న చోటును దాచే వీపీఎన్ పెట్టుకుని పందెం కాయకూడదు. అలా చేస్తే ఖాతా మూసివేసి, అందులోని డబ్బును నిలిపివేసే హక్కును ఆ సంస్థలు తమ నిబంధనల్లో ముందే రాసిపెట్టుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉండి చదువుతున్నవారికి చెప్పవలసింది ఒక్కటే: ఈ పని చేయవద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందాలను నిషేధించాయి. నిర్వాహకులతో పాటు ఆడేవారూ శిక్షకు అర్హులే. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ, వాటి ప్రకటనలనూ, వాటికి బ్యాంకులు చేసే చెల్లింపులనూ నిషేధించింది.

ఇక రేసు సంగతి. డేటోనా ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్లు, టాలడేగాది 2.66 మైళ్లు. ఈ రెండు చోట్లా కార్లు ప్రమాదకరమైన వేగాన్ని అందుకోకుండా ఇంజన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించి, శక్తిని సుమారు 510 హార్స్‌పవర్‌కు కట్టడి చేస్తారు. అన్ని ఇంజన్లూ ఒకే స్థాయికి దిగివచ్చేసరికి ఏ కారూ మిగతావాటిని విడిచి ముందుకు పోజాలదు. ముందున్న కారు చీల్చిన గాలి వెనుకనున్న కారుకు కలిసివస్తుంది కాబట్టి ముప్పై నలభై కార్లు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో, ఒకదాని బంపరుకు మరొకటి జానెడు దూరంలో, గుంపుగా సాగుతాయి. ఆ గుంపు నడుమ ఒక డ్రైవరు స్టీరింగు కాస్త ఎక్కువ తిప్పినా పదిహేను ఇరవై కార్లు ఒకేసారి పనికిరాకుండా పోతాయి. 2021 డేటోనా 500 చివరి ల్యాప్‌లో (ట్రాక్ చుట్టూ చివరి చుట్టులో) జరిగింది అదే. మొదటి స్థానంలో ఉన్న జోయీ లొగానోను అతని జట్టు సహచరుడే అయిన బ్రాడ్ కెసలోస్కీ దాటబోగా ఇద్దరి కార్లూ తగిలి అదుపు తప్పాయి, మంటలు లేచాయి. వారి వెనుకే వస్తున్న మైకేల్ మెక్‌డవెల్ ఆ పొగ పక్కనుంచి బయటపడి గెలిచాడు. అంతకుముందు 357 రేసుల్లో అతనికి ఒక్క విజయమూ లేదు. కొన్ని పందెం సంస్థలు అతనికి ఒకటికి వంద ధర కట్టాయి, అంటే అతను గెలిస్తే పెట్టిన డాలరుకు వంద డాలర్ల లాభం. ఇలాంటి కథ విన్న కొత్తవాడు తానూ అలాంటి అనామకుణ్ణి పట్టుకోవచ్చనుకుంటాడు. నిజానికి ఆ కథ చెబుతున్నది, డ్రైవరు నైపుణ్యం గురించి మీరు నేర్చుకున్నదంతా ఆ రోజు అక్కరకు రాకపోవచ్చునని.

ధరల లెక్క ఇంతకంటే ముఖ్యమైనది. అమెరికాలో ప్లస్ 1200 అని రాస్తే, వంద డాలర్లు పెట్టి గెలిచినవారికి పెట్టుబడి పోను 1200 లాభం వస్తుందని అర్థం. అదే మైనస్ 110 అంటే, వంద డాలర్ల లాభం కోసం 110 పెట్టాలని అర్థం. ప్లస్ ధర వెనుక దాగిన గెలుపు అవకాశం తెలియాలంటే వందను, ఆ ధరకు వంద కలిపిన మొత్తంతో భాగించాలి. 1300తో వందను భాగిస్తే 7.7 శాతం. ఇప్పుడు ఒక ఊహాత్మక పట్టిక తీసుకుందాం. నలభై కార్లలో పదింటికి ప్లస్ 1200, మరో పదింటికి ప్లస్ 2500, ఇంకో పదింటికి ప్లస్ 10000, చివరి పదింటికి ప్లస్ 50000 ధర ఉన్నాయనుకోండి. అందరి అవకాశాలనూ కూడితే 100 శాతం రావాలి. కానీ 127 వస్తుంది. ఆ పైన ఉన్న 27 శాతం, ధర కట్టిన సంస్థ వాటా. అంటే ఆ అవకాశాల శాతాల నిష్పత్తిలో అన్ని కార్లపైనా పందెం పరచినవారికి వంద డాలర్లకు 79 మాత్రమే తిరిగివస్తాయి. ఇద్దరు డ్రైవర్లలో ఎవరు ముందు నిలుస్తారన్న జంట పందెంలో రెండు వైపులా మైనస్ 110 ఉంటే ఆ కూడిక 104.8 దగ్గర ఆగుతుంది. వందకు నష్టం నాలుగున్నర డాలర్లు. సంక్రాంతి బరిలో రెండే కోళ్లుంటాయి కనుక ఎవరి వాటా ఎంతో చుట్టూ నిలబడినవారికి అర్థమవుతుంది. నలభై కార్ల పట్టికలో అదే వాటా నలభై ముక్కలై కంటికి ఆనదు. పందెం కాయకముందు ఒక కాగితంపై ఈ కూడిక వేసి చూసుకోవడం పది నిమిషాల పని. అయినా వేసేవారు అరుదు.

అందువల్ల, కాసి తీరాలనుకునే కొత్తవారు డేటోనాను కేవలం చూసి, ఫలితాలకు కొంత నిలకడ ఉండే మైలున్నర ట్రాకుల కోసం, అంటే లాస్ వేగస్, కాన్సస్, షార్లెట్ వంటివాటి కోసం ఆగడం మేలు. అక్కడ కారు వేగం, జట్టు సామర్థ్యం ఫలితంలో కనిపిస్తాయి. అలాగని నమ్మకం పెట్టుకోదగినంత నిలకడ ఏమీ కాదు. 2024 మే నెలలో కాన్సస్‌లో కైల్ లార్సన్ క్రిస్ బుషర్‌పై గెలిచిన తేడా సెకనులో వెయ్యో వంతు. రోడ్డు మలుపుల ట్రాకులది మరో దారి. 2025లో న్యూజిలాండ్‌కు చెందిన షేన్ వాన్ గిస్‌బర్గన్ అలాంటి రేసులు ఐదు గెలిచాడు కాబట్టి అందరికీ తెలిసిన ఆ విషయం ధరలోనూ చేరిపోయింది. తెలిసిన విషయానికి ఎవరూ ఎక్కువ ధర ఇవ్వరు.

ప్రతి సంస్థకూ మోటారు రేసుల నిబంధనల పేజీ ఒకటి విడిగా ఉంటుంది. ఖాతా తెరవడానికి ముందు దాన్ని పూర్తిగా చదవాలి. పెద్ద అండాకార ట్రాకులపై వాన పడితే రేసు ఆపుతారు, సగం దాటాక ఆపితే అంతవరకు ఉన్న స్థానాలే ఫలితమవుతాయి. 2019 జులైలో డేటోనాలో ముందున్న కర్ట్ బుష్, రేసు తిరిగి మొదలవబోతోందన్న లెక్కతో టైర్ల కోసం పిట్‌లోకి (టైర్లు మార్చే, ఇంధనం నింపే చోటికి) వెళ్లాడు. అంతలో దగ్గరలో పిడుగు పడటంతో కార్లను ఆపారు, ఆ తర్వాత వాన తగ్గలేదు. 160 ల్యాపుల రేసు 127 దగ్గర ముగిసి, కప్ సిరీస్‌లో అది మూడో రేసే అయిన జస్టిన్ హేలీ విజేత అయ్యాడు. రేసు తర్వాతి తనిఖీ మరో మెలిక. 2022 జులైలో పొకొనోలో మొదటి ఇద్దరుగా వచ్చిన డెన్నీ హామ్లిన్, కైల్ బుష్ ఇద్దరినీ కారు ముందుభాగంలో నిబంధనలకు విరుద్ధమైన అతుకులు దొరికాయని అనర్హులను చేయగా, మూడో స్థానంలో వచ్చిన చేస్ ఎలియట్ విజేతగా నమోదయ్యాడు. ఇలాంటప్పుడు కొన్ని సంస్థలు రేసు ముగిసిన వెంటనే ప్రకటించిన ఫలితానికి డబ్బు చెల్లిస్తాయి, కొన్ని నాస్కార్ తుది ఫలితం దాకా ఆగుతాయి. మీ సంస్థ ఏ పద్ధతి పాటిస్తుందో, డ్రైవరు మారితే పందెం రద్దవుతుందో లేదో, జంట పందెంలో ఇద్దరి కార్లూ మధ్యలో ఆగిపోతే ఎలా తేలుస్తారో ఆ పేజీలోనే ఉంటుంది.

ఒకే కంపెనీ కార్లు నడిపేవారు ఒకరికొకరు సాయపడటం ఈ క్రీడలో కొత్త కాదు. 2024 నవంబరు 3న మార్టిన్స్‌విల్‌లో, ఛాంపియన్‌షిప్ చివరి దశకు విలియం బైరన్ చేరడానికి వీలుగా షెవ్రోలే డ్రైవర్లు ఆస్టిన్ డిలన్, రాస్ చాస్టెయిన్ అతన్ని దాటకుండా వెనుక పక్కపక్కనే అడ్డుగా సాగారనీ, టొయోటా వైపున బబ్బా వాలెస్ క్రిస్టఫర్ బెల్ కోసం కావాలనే వేగం తగ్గించాడనీ నాస్కార్ తేల్చింది. ఆ ముగ్గురికీ, వారి మూడు జట్లకూ తలా లక్ష డాలర్ల జరిమానా పడింది. ఆరోజు ఆ డ్రైవర్లపై జంట పందెం కాసినవారికి ఆ జరిమానాలో చిల్లిగవ్వ కూడా రాదు. కాబట్టి సీజన్ చివరి వారాలలో, ఎవరికి ఎన్ని పాయింట్లు కావాలో, ఎవరికి పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదో చూడకుండా జంట పందెం కాయడం వద్దు.

రేసు నడుస్తుండగా పెట్టే లైవ్ పందాలకు కొత్తవారు దూరంగా ఉండాలి. పచ్చజెండా కిందే, అంటే రేసు పూర్తి వేగంతో నడుస్తుండగానే, పిట్ స్టాపులు సాగే సమయంలో తెరపై మొదటి స్థానంలో కనిపించే కారు, చాలాసార్లు, ఇంకా ఇంధనం, టైర్ల కోసం ఆగనిది మాత్రమే. అది ఆగగానే ఇరవయ్యో స్థానానికి జారుతుంది. పైగా ఇంట్లో చూసే ప్రసారం ట్రాక్ కంటే కొన్ని సెకన్లు, ఇంటర్నెట్ ద్వారా చూస్తే ఇంకా ఎక్కువ వెనుకబడి ఉంటుంది. మీరు చూస్తున్న క్షణం ధర కట్టేవారికి గడిచిపోయిన క్షణం.

డబ్బు విషయంలో ఫిబ్రవరికి ముందే ఏడాది మొత్తానికి ఒక అంకె అనుకుని, అది పోయినా ఇంటి అద్దెకూ చదువు ఫీజుకూ ఊరికి పంపే సొమ్ముకూ ఇబ్బంది లేదని తేల్చుకుని, దాన్ని 36తో భాగించి, యాప్‌లోనే జమ పరిమితి పెట్టుకోవాలి. 360 డాలర్లయితే రేసుకు పది. ఒక ఆదివారం పోయినది తర్వాతి ఆదివారం ‘పోగొట్టుకున్నచోటే వెతుక్కోవాలి’ అనుకోవడం మొదలైతే ఆ పరిమితే అడ్డుపడాలి గనుక, పెంచడం మీ చేతిలో సులభంగా ఉండకూడదు. క్రెడిట్ కార్డు అసలే వాడకూడదు. కార్డు సంస్థలు సాధారణంగా దీన్ని నగదు అప్పుగా లెక్కించి, రుసుముతో పాటు మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. చేరినందుకు ఇచ్చే బోనస్ పందెం గెలిస్తే లాభమే చేతికొస్తుంది, బోనస్ మొత్తం రాదు. వాట్సాప్, టెలిగ్రామ్ బృందాలలో పక్కా సమాచారమని డబ్బుకు టిప్పులమ్మేవారిని ఒకటే అడగాలి: అంత పక్కా అయితే ఇతరులకు అమ్ముకోవడం దేనికి?

పన్నుల గురించి మనవాళ్లు ఆలస్యంగా తెలుసుకుంటారు. ఎఫ్-1 వీసాపై వచ్చిన విద్యార్థులను సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను పరంగా నాన్ రెసిడెంట్లుగా లెక్కిస్తారు. వారి పందెపు గెలుపులపై 30 శాతం పన్ను పడుతుంది, పోగొట్టుకున్నది అందులో మినహాయించుకునే వీలు భారతీయులకు లేదు. వెయ్యి గెలిచి వెయ్యి పోగొట్టుకున్న విద్యార్థికి మూడు వందల డాలర్ల పన్ను బాకీ మిగులుతుందన్నమాట. పన్ను పరంగా రెసిడెంట్లయిన హెచ్-1బి ఉద్యోగులు, గ్రీన్ కార్డుదారులు పన్ను మినహాయింపులను విడివిడిగా చూపినప్పుడే (ఐటమైజ్ చేసినప్పుడే) నష్టాలు చూపగలరు, అదీ 2026 నుంచి నష్టంలో 90 శాతం వరకే. అంటే పదివేలు గెలిచి పదివేలు పోగొట్టుకున్నవారు కూడా వెయ్యి డాలర్లపై పన్ను కట్టాలి. చట్టవిరుద్ధమైన జూదంతో బతికేవారికీ, జూదపు నేరాలలో రెండుసార్లు శిక్ష పడినవారికీ పౌరసత్వ దరఖాస్తులో సత్ప్రవర్తన నిరూపణ దగ్గరే దారి మూసుకుపోతుంది కనుక, అనుమతి లేని సైట్ల సంగతి ఇక్కడ మరోసారి గుర్తుంచుకోవాలి.

ఖాతా సంగతి ఇంట్లో దాచవలసి వస్తున్నా, పరిమితిని రెండోసారి పెంచవలసి వచ్చినా, వెంటనే ఆపే సమయం అది. అమెరికాలో జూదం సమస్యకు సహాయం చేసే 1-800-426-2537 నంబరులో రోజంతా ఎవరో ఒకరు మాట్లాడతారు. భారత్‌లో ఉన్నవారికి మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ అయిన టెలి మానస్ 14416లో తెలుగులోనే సహాయం దొరుకుతుంది. అమెరికాలో స్వీయ నిషేధ పట్టికలో పేరు నమోదు చేయించుకుంటే ఆ రాష్ట్రపు సంస్థలు ఖాతా ఇవ్వవు గానీ, పక్క రాష్ట్రానికి వెళ్లగానే వేరే యాప్ తెరుచుకోవచ్చు. అందుకని అదే రోజు బ్యాంకుకు ఫోన్ చేసి, డెబిట్ కార్డుపై జూదపు చెల్లింపులను ఆపే సౌకర్యం ఉందేమో అడిగి పెట్టించుకోవాలి.