కుండీలో బత్తాయి: అంటు కింద చిగురు ఉంచొద్దు

మేడ మీద కుండీలో బత్తాయి పెంచేవాళ్లు ఒకసారి కాండం మొదట్లో వంగి చూడండి. మట్టికి కాస్త పైన చిన్న వంకర, బొడిపె లాంటిది కనిపిస్తుంది. అదే అంటు కట్టిన చోటు. దానికి పైన ఉన్నది సాత్‌గుడి బత్తాయి, కింద ఉన్నది చాలావరకు రంగపూర్ నిమ్మ. ఆ బొడిపె కింద నుంచి నిగనిగలాడుతూ చిగురు వస్తే మురిసిపోకండి, అది బత్తాయి కాదు. వదిలేస్తే జోరుగా పెరిగి పై కొమ్మలకు తిండి లేకుండా చేస్తుంది, చివరికి పుల్లటి చిన్న కాయలే మిగులుతాయి. "నర్సరీలో మోసం చేశారు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణమని నా అనుమానం. లేతగా ఉన్నప్పుడే వేళ్లతో పట్టి కిందికి లాగితే మొదలంటా ఊడొస్తుంది. కత్తెరతో కోస్తే మళ్లీ అక్కడే చిగురిస్తుంది. కుండీ మార్చేటప్పుడు కూడా అంటు మట్టిలో పూడిపోకూడదు, మొదలు కుళ్లు పట్టుకుంటుంది.

నీళ్లు రోజూ గడియారం చూసి పోయొద్దు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చి, పొడిగా తగిలితేనే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. బోరు నీళ్లలో ఉప్పదనం, సున్నం ఎక్కువైతే కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. అది ఇనుము, జింకు అందకపోవడం. యూరియాతో పోదు. సూక్ష్మపోషకాల మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం పూట ఆకులపై పిచికారీ చేయండి. వీలైతే వాన నీళ్లు పట్టి పోయండి.

ఆకు మీద పక్షి రెట్టలా కనిపించేది కదిలిందంటే అది సీతాకోకచిలుక గొంగళి. చేత్తో ఏరేయండి, మందు అక్కర్లేదు.