డబ్బా లీటర్లలో, సరుకు కిలోల్లో: ఎంత సర్దినా సర్దుకోని వంటిల్లు, బాత్రూము - చిక్కులు, మందులు

పండగ ముందు వంటిల్లంతా దించి, కడిగి, తుడిచి సర్దుతాం. కనుమ వెళ్లేసరికి గట్టు మీద మళ్లీ అవే ప్యాకెట్లు, అవే మూతలు. ఇందులో ఇంట్లోవాళ్ల బద్ధకం ఏమీ లేదు. సామాను పేరుకునే చోటల్లా వెనకాల ఒక కారణం ఉంటుంది. అది డబ్బా కొలతలో ఉండొచ్చు, సింకు కింద అరిగిపోయిన వాషరులో ఉండొచ్చు, బోరు నీళ్లలో ఉండొచ్చు. దాన్ని పట్టుకోకముందే విజయవాడ బీసెంట్ రోడ్డుకో గుంటూరు పట్నంబజారుకో వెళ్లి కొత్త డబ్బాల సెట్టు తెచ్చుకుంటే, పాత చిక్కులకు కొత్త డబ్బాలు తోడవుతాయి అంతే. డబ్బాలు ఆఖరున కొనాలి. ముందు కింద మీ ఇంటి లక్షణం ఏదో చూసుకోండి.

లక్షణం: రబ్బరు బ్యాండు వేసిన సగం ప్యాకెట్లు గట్టు నిండా

కారణం: డబ్బా లీటర్ల లెక్కన అమ్ముతారు, పప్పు కిలోల లెక్కన కొంటాం. లీటరు డబ్బాలో కిలో కందిపప్పు పట్టదు. పోసినంత పోసి మిగిలిన గుప్పెడు పప్పును ప్యాకెట్లోనే ఉంచి రబ్బరు బ్యాండు వేస్తాం. అలాంటివి పది చేరితే గట్టు నిండిపోతుంది.

మందు: కిలో సరుకుకు ఎంత డబ్బా కావాలో ఒకసారి తెలుసుకుంటే చాలు. కందిపప్పు, పెసరపప్పు, మినపగుళ్లు, పంచదార అయితే కిలోకు సుమారు లీటరుంబావు. గోధుమపిండి, శనగపిండి గాలిగా ఉంటాయి కాబట్టి దాదాపు రెండు లీటర్లు. కారానికి రెండు నుంచి రెండున్నర. మెత్తటి ఉప్పు ఒక్కటే కిలో లీటరు డబ్బాలో హాయిగా పడుతుంది. ఇంట్లో ఉన్న డబ్బా ఎన్ని లీటర్లో తెలియకపోతే లీటరు సీసాతో నీళ్లు పోసి చూడండి, మూతకు వేలెడు కిందికి వచ్చేదాకానే లెక్క. పూర్తిగా ఆరాకే సరుకు పోయాలి.

బియ్యం డ్రమ్ముతో వచ్చే తంటా ఇలాంటిదే. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న బస్తాలకు జీఎస్టీ పెట్టాక బజారులో 26 కిలోల బస్తాలు దిగాయి. 26 కిలోలకు దాదాపు 33 లీటర్ల చోటు కావాలి. పాత బస్తా కొలతకు కొన్న డ్రమ్ములో ఆ చివరి కిలో పట్టక, సంచిలోనే మూలన పడి ఉంటుంది. పురుగు మొదట చేరేది అందులోనే. కొత్తగా కొనేటట్టయితే 35 లీటర్లకు తగ్గకుండా చూడండి. ఉన్నదే వాడుకుంటామంటే ఆ కిలోను విడిగా ఒక డబ్బాలో పోసి ముందు అదే వండేయండి.

డబ్బాలు చిన్నవైతే మార్చాల్సిన పని కూడా లేదు. మిగులు ప్యాకెట్లన్నీ ఒకే బుట్టలో వేసి, సరుకుల చీటీ రాసే ముందు ఆ బుట్టలో చూడండి. మూడు చోట్ల మూడు ఆవాల ప్యాకెట్లు దొరికే ఇళ్లలో ఈ ఒక్క అలవాటుతో సగం గూడు ఖాళీ అవుతుంది.

లక్షణం: ఒక డబ్బాలో పురుగు, నెల తిరిగేసరికి అన్నిట్లోనూ

ముందు ఏ పురుగో చూడండి. బియ్యంలో పొడుగు మూతితో నల్లగా ఉండేది ముక్కు పురుగు. రవ్వలో, పిండిలో ఎర్రగా, చిన్నగా పరుగులు తీసేది పిండి పురుగు. పెసలు, అలసందలు, శనగల్లో గుండ్రటి కన్నం పెట్టి బయటికి వచ్చేది పుచ్చు పురుగు. ఈ పుచ్చు పురుగు గుడ్లు కంటికి కనపడతాయి. గుప్పెడు పెసలు అరచేతిలో పోసుకుని వెలుతురులో తిప్పి చూస్తే, ఆకుపచ్చ గింజ మీద గుండుసూది మొనంత తెల్లటి చుక్క అంటుకుని ఉంటుంది. గోటితో గీకితే గాని రాదు. అంటే గుడ్డు చాలావరకు చేనులోనో గోడౌనులోనో పడి, సరుకుతో పాటే మన ఇంటికి వస్తుంది. మన వేడికి నాలుగు వారాల్లోపే పురుగై బయటికి వస్తుంది.

వ్యాపించడానికి కారణం మాత్రం మనమే. డబ్బా అడుగున రెండు గుప్పెళ్లు మిగలగానే దాని మీదే కొత్త ప్యాకెట్ కుమ్మరిస్తాం. అడుగున ఉన్నది ఎప్పటికీ పైకి రాదు. రెండేళ్ల కింది మినుములు ఇంకా ఆ అడుగునే ఉండొచ్చు.

మందు: అడుగు పప్పును ఒక గిన్నెలోకి వంపి, డబ్బా పొడిగుడ్డతో తుడవండి. మూత అంచు మడతలో పిండి చిక్కుకుని ఉంటుంది, అక్కడ పుల్లతో గీకాలి. కొత్త సరుకు పోసి పాతది పైన వేయండి. మూత మీద మాస్కింగ్ టేపు ముక్క అంటించి పోసిన తేదీ రాయండి, సరుకు పేరు అవసరం లేదు.

ఎండబెట్టేటప్పుడు పలచగా పరచకపోతే లాభం లేదు. ముదురు రంగు దుప్పటి మీద వేలి మందం దాటకుండా పరిచి, పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కప్పి అంచులకు రాళ్లు పెడితే లోపల వేడి బయటి ఎండను మించుతుంది. మే నెల ఎండలో మధ్యాహ్నం రెండు మూడు గంటలు చాలు, గుడ్డు కూడా చస్తుంది. నీడలోకి తెచ్చి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బియ్యాన్ని మాత్రం ఎండలో పోయొద్దు, గింజ బీట్లు వారి అన్నం నూకనూకగా వస్తుంది. బియ్యం నీడన పరిచి జల్లించుకోవాలి.

వానాకాలంలో ఎండ దొరకదు. కిలో ప్యాకెట్లను ఫ్రీజరులో నాలుగు రోజులు ఉంచండి. తీసిన వెంటనే విప్పొద్దు, పూట ఆగితే బయటి చెమ్మ ప్యాకెట్ మీదే ఉండిపోతుంది, గింజకు అంటదు. ఎండు వేపాకు వేస్తే పురుగు రావడం తగ్గుతుంది గానీ, ఇదివరకే గింజలో ఉన్నదాన్ని అది ఏమీ చేయలేదు.

ఏడాది సరుకును నేలమట్టం అరల్లో పెట్టే అలవాటు ఉంటే ఒక మాట. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలాంటి పల్లపు చోట కింది ఇంట్లో ఉండేవాళ్లు బియ్యం, పప్పులు, చింతపండు నడుము ఎత్తుకు పైన పెట్టి, కింది అరల్లో స్టీలు తపేలాలు పెట్టుకోవడం మేలు.

లక్షణం: కొత్త కారం దసరాకల్లా వెలిసిపోతోంది

కారణం వెలుతురు, గాలి. రోజూ మూత తీసే డబ్బాలోనే ఐదు కిలోల కారమూ ఉంటే రంగు నిలవదు. అరకిలో మాత్రం వాడుకకు తీసుకుని, మిగతాది కిలో చొప్పున మందపాటి కవర్లలో గాలి నొక్కేసి కట్టి, చీకటి గూట్లోనో ఫ్రిజ్‌లోనో పెట్టండి. ఆవకాయ జాడీకీ ఇదే పద్ధతి. పెద్ద జాడీ అటక దగ్గర గూట్లో ఉండాలి, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకోవాలి. తడి గరిటె పెద్ద జాడీలోకి వెళ్లకూడదు, ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి.

లక్షణం: గట్టు మీద కూరగాయలు తరగడానికే చోటు లేదు

కారణం: ఏడాదికి రెండుసార్లు వాడేవీ రోజూ వాడేవీ ఒకే వరసలో ఉన్నాయి.

మందు: గరిటెలు, చెంచాలు, అట్లకాడలు, చిన్న గిన్నెలు అన్నీ ఒక పెద్ద బేసిన్‌లో వేయండి. వాడినదాన్ని కడిగాక స్టాండులోకి చేర్చండి. రెండు వారాల తర్వాత బేసిన్‌లో మిగిలిందంతా గట్టుకు అక్కర్లేని సామాను. జంతికల గొట్టం, కజ్జికాయల చెక్క లాంటివి ఒక సంచిలో, ఆవకాయ సామాను (కత్తిపీట, పెద్ద బేసిన్, గుడ్డలు) ఇంకో సంచిలో కట్టి అటక ఎక్కించండి. విడివిడిగా ఎక్కిస్తే వచ్చే ఏడు ఒక్కో దాని కోసం అటకంతా దించాల్సి వస్తుంది. మూత లేని ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బా లేని మూతలు ఈరోజే పారేయండి. అవి జత కుదరవు.

గట్టు కింద గ్యాస్ బండ చుట్టూ సంచులు కుక్కొద్దు. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. అందుకే గట్టు కింది అర తలుపుకు కింది భాగంలో గాలి సందు తెరిచి ఉండాలి. అక్కడ ఖాళీ చేసినప్పుడే రబ్బరు గొట్టం మీద ముద్రించిన గడువు కూడా చదవండి.

లక్షణం: అటక నిండిపోయింది, ఏముందో ఎవరికీ తెలియదు

గృహప్రవేశాలకు, ఓణీల ఫంక్షన్లకు వచ్చిన స్టీలు డబ్బాలు, పళ్లేలు, వాటి మధ్య అమ్మమ్మల నాటి ఇత్తడి. స్టీలు, ఇత్తడి, కంచు, రాగి వేర్వేరు ధరలు పలుకుతాయి కాబట్టి ఇంట్లోనే విడదీసి తూచి, కాగితం మీద రాసుకున్నాకే సామాన్ల కొట్టుకు తీసుకెళ్లండి. వేలితో మీటితే కంచు ఖంగున ఎక్కువసేపు మోగుతుంది. ఇత్తడి బిందె వీధిలో ఇచ్చి ప్లాస్టిక్ టబ్బు తెచ్చుకోవడం అంత నష్టం బేరం ఇంకోటి లేదు.

లక్షణం: సింకు కింద తలుపు తీస్తే వాసన, బొద్దింకలు

కారణాలు మూడు కలిసి ఉంటాయి: నీటి చుక్క, నేల కన్నం, క్యారీబ్యాగుల గుట్ట. మొత్తం ఖాళీ చేసి, పొడి న్యూస్‌పేపర్ పరవండి. సింకు రంధ్రం మూసి నీళ్లు నింపి ఒక్కసారిగా వదలండి. చిన్న ధారకు కారని జాయింటు ఆ ఒత్తిడికి బయటపడుతుంది. పేపర్ ఎక్కడ తడిసిందో దాని పైకి చూడండి. సింకును ఆనుకునే చుక్క పడితే సింకునూ గొట్టాన్నీ కలిపే కప్లింగ్ వాషరు పోయినట్టు. నట్టు విప్పి, పాత వాషరు, దాని చుట్టూ గట్టిపడిన జిడ్డు తీసేసి కొత్తది వేయండి. గొట్టాల్లో 32, 40 మిల్లీమీటర్ల సైజులున్నాయి, కాబట్టి పాత వాషరు చేత్తో పట్టుకునే కొట్టుకు వెళ్లాలి. నట్టు చేత్తో బిగించి, ఆ పైన పావు చుట్టు తిప్పితే చాలు. అంతకుమించి తిప్పితే ప్లాస్టిక్ మర చిట్లుతుంది.

గొట్టం నేలలోకి దిగే చోట చుట్టూ సందు ఉంటే బొద్దింకలు వచ్చే దారి అదే. గుడ్డ కుక్కితే కుళ్లుతుంది. రబ్బరు రింగు పెట్టండి, లేదా ఎంసీల్‌తో మూయండి. ముడతల గొట్టమైతే మధ్యలో అరచేయంత లోతుకు వంపు తిప్పి తీగతో కట్టండి. ఆ వంపులో నిలిచే నీళ్లే వాసనను ఆపుతాయి.

బొద్దింక గుడ్ల సంచులు అట్టపెట్టెల మడతల్లో, అర మీద పరిచిన పేపర్ కింద దాస్తుంది. అందుకని సింకు కింద అట్టపెట్టెలు, పేపర్ ఉంచకూడదు. క్యారీబ్యాగులు ఇరవై చాలు, ఖాళీ నూనె క్యానులో కుక్కేస్తే అయిపోతుంది. జెల్ మందు బియ్యపు గింజంత చుక్కలుగా కీళ్ల దగ్గర, మూలల్లో పెట్టండి. దాని దగ్గర స్ప్రే కొట్టారా, ఆ వాసనకు బొద్దింక జెల్ దాకా రాదు, రెండూ దండగ.

లక్షణం: బాత్రూము టైలుకు అంటించిన హుక్కులు, స్టాండ్లు వారానికే ఊడుతున్నాయి

దాంతో షాంపూలు, సబ్బులు నేల మీదికి, బకెట్ అంచుకు చేరతాయి. కారణం బోరు నీళ్ల ఉప్పు. టైలు మెరుస్తున్నట్టే ఉంటుంది, గోటితో గీస్తే తెల్లటి పొడి వస్తుంది. జిగురు టైలుకు కాక ఆ పొరకు పట్టుకుంటుంది.

మందు: లీటరు నీళ్లలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ ముంచి ఇరవై నిమిషాలు టైలుకు అతికించి ఉంచండి. రుద్ది కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి హుక్కు అంటించండి. 24 గంటలు దానికి ఏదీ తగిలించొద్దు, ఆ పూట వేడినీళ్ల స్నానం కూడా వేరే బాత్రూములో చేయండి. పాలరాయి, మొజాయిక్ గచ్చు మీద నిమ్మ ఉప్పు పోయకూడదు, మెరుపు పోతుంది. పులుపుదీ యాసిడ్‌దీ ఏదైనా సరే, బ్లీచింగ్ పౌడరుతో కలవకూడదు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది.

బరువు మోసే స్టాండుకైతే కన్నం వేయక తప్పదు. కుళాయికి సరిగ్గా పైనా కిందా వేయొద్దు, పైపు అక్కడే పోతుంది. టైలు దాటేదాకా డ్రిల్లు సుత్తి మోడ్ ఆపి నెమ్మదిగా తిప్పాలి.

స్టీలు స్టాండు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోలేదు కాబట్టి తుప్పు పట్టదంటారు. ఆ పరీక్షను నమ్మొద్దు. 202 రకం స్టీలుకూ అయస్కాంతం అంటుకోదు, కానీ తడిలో తుప్పు మరకలు వస్తాయి. బిల్లు మీద తుప్పును బాగా తట్టుకునే 304 రకం అని రాయించుకోండి.

లక్షణం: స్నానానికి నిలబడే చోటే లేనన్ని బకెట్లు

కారణం: నీళ్లు వేళకే వచ్చే రోజుల అలవాటు. ఇప్పుడు ట్యాంకు ఉన్నా బకెట్లు పోలేదు. బాత్రూముకు ఒక బకెట్, ఒక మగ్గు, నీళ్లు ఆగే రోజుకు మూత ఉన్న డ్రమ్ము ఒకటి చాలు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది, కాబట్టి డ్రమ్మును వారానికోసారి ఒంపి లోపలి గోడలు పీచుతో రుద్దాలి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి, నీళ్లు మార్చినంత మాత్రాన పోవు.

లక్షణం: వాడని రెండో బాత్రూము స్టోరు రూమైంది, ఎంత కడిగినా కంపు

కారణం సామాను కాదు, జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె లాంటి భాగం, నానీ ట్రాప్. అందులో నిలిచి ఉండాల్సిన నీళ్లు వాడక లేక ఎండిపోయాయి. గొట్టంలోని గాలి, బొద్దింకలు నేరుగా పైకి వస్తున్నాయి. జాలీ మీద పెట్టిన సామాను జరిపి, వారానికోసారి రెండు మగ్గుల నీళ్లు పోయండి. ఎండాకాలం ఊరెళ్లేటప్పుడు నీళ్లు పోశాక పైన రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్లండి. నూనె పొర ఉంటే నీళ్లు అంత త్వరగా ఆవిరి కావు.